వీణకు మర లంగర్లు: ఇంటి లేత్ పని డైరీ

పని ఏమిటంటే

అక్క వీణకు నాలుగు లంగర్లు కావాలి. ఇత్తడివి, మర తిప్పి శృతి సరిచేసుకునేవి.

వీణతో పరిచయం లేనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. తీగకు ఒక చివర బిరడా (తీగను చుట్టి తిప్పే మేకు), రెండో చివర నాగపాశం (తీగలు కట్టే లోహపు పట్టీ) ఉంటాయి. బిరడాలు కర్రవి. వాటితో తీగను శృతి దగ్గరికి తేవచ్చు గానీ ఆఖరి వెంట్రుకవాసి తేడా తీయడం కష్టం. కాస్త తిప్పితే చాలు, శృతి దాటి అవతలికి పోతుంది. అందుకే వాయించే నాలుగు తీగలనూ నేరుగా నాగపాశానికి కట్టకుండా మధ్యలో లంగరు పెడతారు. దాని మీదున్న చిన్న రింగును అటూ ఇటూ జరిపితే తీగ బిగువు కొద్దిగా మారి శృతి కుదురుతుంది. పక్కనున్న మూడు తాళం తీగల జోలికి నేను పోవడం లేదు.

అక్కది బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చేసింది. వీణకు వంక పెట్టడానికి ఏమీ లేదు. లంగర్ల రింగులే అరిగి వదులయ్యాయి, జరిపిన చోట నిలవడం లేదు. ఈ రోజుల్లో చాలామంది వైణికులు కర్ర బిరడాలు తీసేసి, గిటారుకు ఉండే పళ్లచక్రాల బిరడాలు వేయించుకుంటున్నారు. అదీ ఒక దారే. కాకపోతే దానికి చెక్కలో బెజ్జాలు మార్చాలి. "చెక్క మీద డ్రిల్లు పెట్టావంటే నీకూ నాకూ చెల్లు" అని అక్క ముందే తేల్చేసింది. కాబట్టి షరతు ఇది: వీణ మీద ఒక్క గీత పడకూడదు, నచ్చకపోతే పాత లంగర్లు మళ్లీ కట్టుకునేలా ఉండాలి.

నా వర్క్‌షాపు అంటే హైదరాబాద్‌లో మా ఫ్లాట్ వెనక బాల్కనీ. చిన్న లేత్ (180 మి.మీ. వ్యాసం దాకా తిరుగుతుంది, సెంటర్ల మధ్య 350), బెంచ్ డ్రిల్లు, వైసు, ఆకురాళ్లు. మిల్లింగ్ మెషిన్ లేదు. కింది ఫ్లాట్‌లో పదో తరగతి పిల్ల ఉంది కాబట్టి రాత్రి ఎనిమిది దాటితే లేత్ ఆపేయాలి. ఆ తర్వాత కొలతలు, బొమ్మలు, ఆకురాయి పని.

కొలతలు, లెక్క

లోహం కొనకముందే ఒక ప్రశ్న తేలాలి. మర ఒక చుట్టు తిప్పితే శృతి ఎంత మారాలి? ఇది తెలియకుండా మర సైజు ఎంచుకోవడం గుడ్డి పనే.

అక్క వీణ మూడు శృతిలో ఉంటుంది. అంటే వాయించే నాలుగింటిలో మొదటిదైన సారణి తీగ సెకనుకు 165 సార్లు కంపిస్తుంది. మిగతా మూడు తీగలు: పంచమం 124, మంద్రం 82, అనుమంద్రం 62, సుమారుగా. మొదటి మెట్టు వైపున్న మేరువు నుంచి బ్రిడ్జి దాకా 82 సెం.మీ. బిరడా నుంచి లంగరు ముడి దాకా మొత్తం తీగ 110 సెం.మీ. సారణి, పంచమం స్టీలు తీగలు, మిగతా రెండూ ఇత్తడివి. సారణి లావు మైక్రోమీటర్‌లో 0.42 మి.మీ. వచ్చింది.

ఈ అంకెలతో సారణి మీద ఉన్న లాగుడు లెక్కగడితే దాదాపు 8 కిలోలు తేలింది. నా మరకు అది లెక్కలోది కాదు. ఎం3 మర (3 మి.మీ. లావుది) ఇత్తడిలో దీనికి ఎన్నో రెట్లు మోస్తుంది. కాబట్టి బలం గురించి బెంగ లేదు.

అసలు సంగతి సాగుదలలో ఉంది. 8 కిలోల లాగుడుకు ఆ 110 సెంటీమీటర్ల స్టీలు తీగ మొత్తం సాగేది 3.1 మి.మీ. చిల్లర మాత్రమే. ఎం3 మర ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు జరుగుతుంది. ఉన్న సాగుదలలో అది ఆరో వంతు! శృతిలోకి మారిస్తే 127 సెంట్లు. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరం 100 సెంట్లు కాబట్టి, ఒక్క చుట్టులో షడ్జమం కాస్తా శుద్ధ రిషభాన్ని దాటిపోతుందన్నమాట. మంచి చెవికి నాలుగైదు సెంట్ల తేడా తెలుస్తుంది. అంత సరిచేయాలంటే నాబ్‌ను 14 డిగ్రీలు తిప్పాలి. వేళ్లతో తిప్పే నాబ్‌కు అది చాలా తక్కువ.

ఇంకో విషయం నాకు భలే నచ్చింది. ఈ లెక్కలో తీగ లావు రెండు వైపులా కొట్టుకుపోతుంది. తీగ సన్నదైనా లావుదైనా, అదే లోహం, అదే పొడవు, అదే శృతి అయితే సాగుదల అంతే. మారేది శృతిని బట్టి. కంపనం తగ్గేకొద్దీ సాగుదల దాని వర్గం లెక్కన పడిపోతుంది. పంచమం తీగ సాగేది 1.8 మి.మీ. లోపే. మంద్రం ఇత్తడిది, 1.7. అనుమంద్రం మొత్తం కలిపి ఒక మిల్లీమీటరు కూడా సాగదు, 0.96. అంటే ఎం3 మర ఒక్క చుట్టుకు అనుమంద్రం మూడున్నర స్వరస్థానాలు ఎగిరి కూర్చుంటుంది.

అక్కతో ఈ మాట అంటే, "కింది తీగలే మొండివని మా టీచర్ ఎప్పుడో చెప్పారు. దానికి ఇంత లెక్కెందుకురా?" అంది. సరే. లెక్క ఎందుకంటే, ఎంత మొండివో తెలియాలి కదా.

రెండు మరల ఉపాయం

ఇంతకన్నా సన్నటి మర కావాలి. ఎం3లో 0.35 పిచ్ (ఒక చుట్టుకు మర జరిగే దూరం, మి.మీ.లో) ట్యాపులు, అంటే బెజ్జంలో మర కోసే పనిముట్లు, దొరుకుతాయి, కానీ దానితో తేడా పెద్దగా ఉండదు. 0.2 కావాలంటే అంత సన్నటి మరను ఇత్తడిలో తీసి, వేళ్ల చెమట మధ్య ఏళ్ల తరబడి వాడటం నాకు నమ్మకం లేని పని.

పాత ఉపాయం ఒకటుంది. మైక్రోమీటర్లలోనూ, ప్రయోగశాల పరికరాల్లోనూ వాడతారు: డిఫరెన్షియల్ స్క్రూ. ఒకే కడ్డీ మీద రెండు వేర్వేరు పిచ్‌ల మరలు, రెండూ కుడిచేతివే. ఒకటి బాడీలో (కదలని గొట్టం) తిరుగుతుంది, రెండోది స్లైడర్‌లో (అందులో జరిగే, తీగ కట్టే ముక్క). కడ్డీ ఒక చుట్టు తిరిగితే మొదటి మర దాన్ని 0.5 ముందుకు తోస్తుంది, రెండో మర స్లైడర్‌ను 0.7 వెనక్కి లాగుతుంది. నికరంగా స్లైడర్ జరిగేది 0.2 మి.మీ. ఎం3 పిచ్ 0.5, ఎం4 పిచ్ 0.7. రెండూ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే మామూలు ట్యాపులు. సన్నటి మర అవసరమే లేదు!

దీంతో సారణికి చుట్టుకు 53 సెంట్లు, పంచమానికి 92, మంద్రానికి 96. చేతికి అందే అంకెలు ఇవి. అనుమంద్రం మాత్రం 164 దగ్గరే ఉంది. దాని సంగతి తర్వాత చూద్దాం అనుకుని పక్కన పెట్టాను.

ఏ మర ఎక్కడ పెట్టాలన్నది కాగితం మీదే కాసేపు తిప్పాను. బాడీలో ఎం4, స్లైడర్‌లో ఎం3 పెడితే చేయడం చాలా తేలిక. ఎం4 ట్యాపుకు 3.3 బెజ్జం కొడతాం, అందులోంచి 3 మి.మీ. మర కొస హాయిగా దూరిపోతుంది, కాబట్టి నాబ్‌తో సహా ఒకే ముక్కగా కడ్డీ తీసి వెనక నుంచి బిగించవచ్చు. కానీ అప్పుడు దిక్కు తిరగబడుతుంది. నాబ్ కుడివైపు తిప్పితే తీగ వదులవుతుంది. ఇంట్లో ప్రతి మరా కుడివైపు తిప్పితే బిగుస్తుంటే, వీణ మీద మాత్రం ఎడమవైపు అంటే ఎవరికి అలవాటవుతుంది? అందుకని తిరగేశాను. వెనక బాడీలో ఎం3, ముందు స్లైడర్‌లో ఎం4. కడ్డీని ముందు నుంచి ఎక్కించి, వెనక బయటికొచ్చిన కొసకు నాబ్‌ను విడిగా బిగించాలి. ఒక ముక్క పెరిగింది. పర్వాలేదు. పైగా కడ్డీకి ఇప్పుడు తల అక్కర్లేదు కాబట్టి 4 మి.మీ. స్టీలు కడ్డీతోనే పనైపోతుంది, లావు కడ్డీని తురిమి తురిమి సన్నం చేయక్కర్లేదు.

కొలతలు ఇలా ఖాయం చేశాను. బాడీ: 10 మి.మీ. గుండ్రటి ఇత్తడి, 26 పొడవు. ముందు నుంచి 18 లోతుకు 7 మి.మీ. బోరు, వెనక మిగిలిన 8 మి.మీ. గోడలో ఎం3. స్లైడర్: 7 మి.మీ., 16 పొడవు, లోపల ఎం4, ముందు కొసకు అడ్డంగా తీగ కట్టే బెజ్జం. బాడీకి నిలువునా ఒక గాడి, స్లైడర్‌కు అందులో కదిలే చిన్న పిన్ను. ఆ పిన్ను లేకపోతే నాబ్‌తో పాటు స్లైడరూ, దానితో పాటు తీగా మెలితిరుగుతాయి. నాబ్ వెనక ఉంది కాబట్టి నాగపాశానికి తగిలించేందుకు బకెట్‌కు పిడి ఉన్నట్టు ఒక వంపు తీగ, బాడీ రెండు పక్కల నుంచి వెనక్కి వస్తుంది.

నాబ్‌కు 4 మి.మీ. ఖాళీ ఇచ్చాను. అంటే ఎనిమిది చుట్లు, స్లైడర్ కదలిక 1.6 మి.మీ. సారణికి మూడు స్వరస్థానాల పైమాటే. శృతి దగ్గరికి తెచ్చే పని ఎలాగూ బిరడాదే కాబట్టి ఇంతకన్నా అక్కర్లేదు.

సరుకు

రాణిగంజ్. ఇత్తడి కడ్డీ కిలోల లెక్కన అమ్ముతారు, చిన్న ముక్కకు మొహం చిట్లిస్తారు. అడుగు పొడవు ముక్కలు మిగిలినవి ఉంటే ఇమ్మని అడగడమే మార్గం. ఐఎస్ 319 అని అడిగి తీసుకున్నాను. లేత్ పనికి ఉద్దేశించిన ఇత్తడి ఇది. 56 నుంచి 59 శాతం రాగి, 2 నుంచి 3.5 శాతం సీసం, మిగతాది జింకు. సీసం వల్లే తురుము పొడవాటి చుట్టలుగా కాకుండా చిన్న ముక్కలుగా విరిగి పడుతుంది. అదే సీసం వల్ల ఈ రజను వంటింటి వైపు పోకుండా చూసుకోవాలి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మా బాల్కనీ తలుపు వంటింట్లోకే తెరుచుకుంటుంది కాబట్టి చెప్పులు అక్కడే విడిచే ఏర్పాటు చేశాను. లేదంటే ఇంట్లో మాట పడాలి.

కడ్డీలకు స్టెయిన్‌లెస్. ఇత్తడిలో ఇత్తడి మర తిరిగితే త్వరగా అరుగుతుంది. మామూలు స్టీలైతే వేళ్ల చెమటకు తుప్పు పడుతుంది. 303 రకం లేత్ మీద సులువు. అడిగితే నాలుగు షాపుల్లోనూ 304 చేతిలో పెట్టి "అదే సార్ ఇది" అన్నారు. అది కాదు, కానీ తీసుకున్నాను.

బాడీలు

ఇత్తడి మీద పని హాయిగా ఉంటుందని అందరూ అంటారు, నిజమే, ఒక్క డ్రిల్లు విషయంలో తప్ప. మామూలు డ్రిల్లు బిట్ పదును ముందుకు వాలి ఉంటుంది. ఇత్తడిలో అది కొరుకుతూ తనంతట తానే లోపలికి దూసుకుపోతుంది. బిట్ విరుగుతుంది, లేదా పని ముక్క చక్‌లోంచి (ముక్కను పట్టి తిప్పే లేత్ భాగం) తిరిగిపోతుంది. బాలానగర్ సీఐటీడీలో టూల్ డిజైన్ చదివిన మిత్రుడు చెప్పిన చిట్కా: బిట్ పదును అంచుల మీద సన్న సానరాయితో రెండు రుద్దులు రుద్ది, ఆ వాలును చదును చేయాలి. అప్పుడు అది కొరకదు, గీకుతుంది. ఇత్తడికి విడిగా ఒక బిట్ల సెట్టు అలా చేసి ఎర్ర టేపు చుట్టి పెట్టుకున్నాను. టర్నింగ్ టూల్‌కు కూడా అంతే, పై ముఖం చదునుగా ఉండాలి.

క్రమం ఇది. ఫేసింగ్ (కొస చదును చేయడం), సెంటర్ డ్రిల్లు, 2.5 బిట్‌తో పొడవునా బెజ్జం, తర్వాత 6.8 బిట్‌తో 18 లోతు, చివర 7 మి.మీ. రీమర్ (బోరును సరైన సైజుకు తెచ్చే పనిముట్టు). రీమర్‌కు వేగం బాగా తగ్గించి, ఒక్క తీరున లోపలికి పోనిచ్చి, తిరుగుతుండగానే బయటికి తీయాలి. వెనక్కి తిప్పితే రీమర్ అంచు పోతుంది. చక్‌లోంచి తీయకుండానే ఎం3 ట్యాపు, లేత్ అవతలి కొసనున్న టెయిల్‌స్టాక్ సెంటర్ ఆసరాతో, చేత్తో. ఈ వరుస ముఖ్యం. ముక్కను ఒకసారి చక్‌లోంచి తీసి మళ్లీ పెడితే బోరూ మరా ఒకే గీత మీద ఉంటాయన్న నమ్మకం పోతుంది. అవి ఒక గీత మీద లేకపోతే స్లైడర్ ఒకచోట వదులుగా, ఒకచోట బిగుతుగా కదులుతుంది, అక్క వేలికి అది వెంటనే తెలుస్తుంది.

స్లైడర్లను 6.98కి తీశాను. బోరు 7.00, 7.01 మధ్య ఉంది. నూనె చుక్క వేసి దూరిస్తే మెల్లగా దిగుతోంది. ఇంతకన్నా బిగుతు అవసరం లేదు.

కడ్డీలు

304తో తగువు ఇక్కడే. ఇది పనిచేస్తున్న కొద్దీ గట్టిపడే రకం. టూల్ ఒకచోట ఊరికే రాసుకుంటూ ఉండిపోయిందంటే ఆ పొర గాజులా మారి తర్వాత ఏ టూలూ ఎక్కదు. కాబట్టి కోత తీస్తే ధైర్యంగా తీయాలి, లేదంటే టూల్ వెనక్కి లాగాలి. మధ్యేమార్గం లేదు. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 15 మీటర్ల వేగం అనుకుంటే 4 మి.మీ. కడ్డీకి 1200 చుట్లు వస్తాయి. 900 దగ్గర పెట్టుకుని, కట్టింగ్ ఆయిల్ బ్రష్‌తో రాస్తూ తీశాను.

కడ్డీ వెనక సగం 2.95కు తగ్గించి ఎం3 డై (కడ్డీ మీద మర కోసే పనిముట్టు), ముందు సగం 3.93కు తీసి ఎం4 డై. మర తీసేముందు కడ్డీని ఇలా కాస్త తక్కువ సైజుకు తేవడం స్టెయిన్‌లెస్‌లో చాలా మేలు, మర శిఖరాలు చిరగవు. రెండు మరల మధ్య చిన్న మెడ తీశాను, డై అక్కడ ఆగడానికి. డైని టెయిల్‌స్టాక్ హోల్డర్‌లో పెట్టి చక్‌ను చేత్తోనే తిప్పాను. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. కరెంటు పనిలేదు కాబట్టి ఇది రాత్రిళ్లు చేసుకునే పని అయింది.

నాబ్‌లు, గాడి, పిడి

నాబ్‌లకు నిలువు గీతల నర్లింగ్ (వేళ్ల పట్టు కోసం గరుకు చేయడం). చిన్న లేత్‌కు పక్క నుంచి నొక్కే నర్లింగ్ టూల్ వాడితే స్పిండిల్ మీద భారం పడుతుంది. పైనా కిందా రెండు చక్రాలతో పట్టకారులా నొక్కే రకమే వాడాను. నర్లింగ్ గురించి ఇంతకుమించి చెప్పడానికి లేదు.

గాడి మాత్రం ఆసక్తికరం. మిల్లింగ్ మెషిన్ లేదు కాబట్టి పాత్రలు తారుమారు చేయాలి. 1.6 మి.మీ. మందం స్లిట్టింగ్ రంపాన్ని (పలచటి గుండ్రటి రంపం) ఆర్బర్ అనే ఇరుసు మీద బిగించి చక్‌లో పెట్టాను. బాడీని టూల్‌పోస్ట్ మీద, వీ గాడి చెక్కిన దిమ్మలో, సరిగ్గా సెంటర్ ఎత్తుకు పట్టించాను. ఎత్తు సరిచూడటానికి దిమ్మ కింద సన్నటి రేకు ముక్కలు. నిమిషానికి 150 చుట్లు, క్రాస్ స్లైడ్‌ను మెల్లగా తిప్పడం. రంపం గోడ కోసుకుంటూ బోరులోకి చేరినప్పుడు శబ్దం మారుతుంది, అక్కడితో ఆపాలి. గాడి అంచుల్లో మిగిలిన పిసరును సూది ఆకురాయితో తీశాను. స్లైడర్ పిన్ను 1.5 మి.మీ. స్టీలుది, బెజ్జంలోకి తట్టి దించాను. గాడిలో దానికి 0.1 ఖాళీ ఉంది.

పిడికి 1.6 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ. రెండు కొసలూ లోపలికి మడిచి బాడీ పక్క బెజ్జాల్లోకి. అన్నీ కూర్చాక ఒక్కో లంగరు 20 గ్రాములు దాటలేదు.

సారణి మీద మొదటి పరీక్ష

ముందు ఒక్క సారణికే కట్టాం. తీగ ముడి అక్కే వేసింది, అందులో నేను వేలు పెట్టలేదు. ముందుగా నాబ్‌ను సగం దూరంలో పెట్టి, బిరడాతో శృతి దగ్గరికి తెచ్చి, తర్వాత నాబ్.

ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూస్తే ఒక చుట్టుకు 45 సెంట్ల చుట్టూ తిరిగింది. లెక్క ప్రకారం 53 రావాలి. తగ్గడానికి కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. బిరడా మీద చుట్టిన చుట్లు కూడా కొద్దిగా సర్దుకుంటాయి, ముడి బిగుసుకుంటుంది, లోహం కదిలిన ప్రతి పిసరూ తీగకు చేరదు. లెక్కకు ఇంత దగ్గరగా రావడమే నాకు సంతోషం.

రెండో సంగతి బ్రిడ్జి దగ్గర రాపిడి. నాబ్ కొద్దిగా తిప్పితే కొన్నిసార్లు శృతి మారదు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా ఐదారు సెంట్లు గెంతుతుంది. తీగ బ్రిడ్జి రేకు మీద పట్టుకుని, తర్వాత జారుతోంది. దీనికి మర ఏమీ చేయలేదు. అక్క ఎప్పుడూ చేసే పద్ధతే మందు: శృతిని కింది నుంచి పైకే తేవడం, తిప్పాక బ్రిడ్జి వెనక తీగను బొటనవేలితో ఒకసారి నొక్కి వదలడం. నొక్కగానే ముల్లు నిలబడిపోయింది.

మరల్లో ఉండే వదులు గురించి ముందు టెన్షన్ పడ్డాను. అవసరం లేకపోయింది. తీగ ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది కాబట్టి మరల పళ్లు ఎప్పుడూ ఒకే ముఖం మీద ఆనుకుని ఉంటాయి. నాబ్ వెనక్కి తిప్పినా వెంటనే స్పందిస్తుంది.

జీర

నాలుగైదు నిమిషాలు వాయించాక అక్క ఆగి చెవి పెట్టింది. "ఏదో జీరపోతోందిరా. అన్ని స్వరాలకూ కాదు, పైస్థాయి గాంధారం దగ్గర."

నాకు వినిపించలేదు. ఆవిడకు వినిపించిందంటే ఉన్నట్టే. అక్క అదే స్వరం మీటుతూ ఉంటే నేను ఒక్కో భాగం మీద వేలు ఆనిస్తూ పోయాను. స్లైడర్, గాడి పిన్ను, నాబ్, ఏదీ కాదు. పిడి మీద వేలు పెట్టగానే ఆగిపోయింది. లాగుడుకు పిడి రెండు కాళ్లూ కొద్దిగా లోపలికి వంగి, నాబ్ నర్లింగ్‌కు కాగితం దూరేంత దగ్గరగా వచ్చాయి. ఆ ఒక్క స్వరానికి పిడి కంపించి నాబ్‌కు తగులుతోంది.

నాబ్ వ్యాసం 9 నుంచి 8కి తగ్గించి, పిడి వంపును భుజాల దగ్గర వెడల్పు చేసి, కాళ్ల మధ్య 1.6 మందం చిన్న ఇత్తడి అడ్డపట్టీ ఒకటి వేశాను. ఇప్పుడు కాళ్లు లోపలికి రావు. నాబ్ చిన్నదైతే తిప్పడం కష్టమవుతుందేమో అనుకున్నాం, కానీ నర్లింగ్ పట్టు సరిపోతోంది. గాంధారం శుభ్రంగా పలికింది. పంచమం, మంద్రం లంగర్లకు ఈ మార్పు ముందే చేసి కట్టాను, వాటిలో జీర రాలేదు.

బరువు వల్ల నాదం మారుతుందా అని నేను అడిగాను. అక్క కళ్లు మూసుకుని పాతదీ కొత్తదీ మార్చి మార్చి వింది. తేడా లేదంది. బ్రిడ్జి వెనక భాగం కాబట్టి అలాగే ఉండాలి కూడా.

అనుమంద్రం

పక్కన పెట్టినది ఇప్పుడు చేయాలి. 0.2 జరిగే లంగరు పెడితే చుట్టుకు 164 సెంట్లు, అంటే మొదటి ఎం3 మర సారణి మీద చేసే దానికంటే ఎక్కువ. కాబట్టి ఇంకో జత: బాడీలో ఎం4, స్లైడర్‌లో ఎం5. ఎం5 పిచ్ 0.8, ఎం4 పిచ్ 0.7. తేడా 0.1. చుట్టుకు 86 సెంట్లు, మంద్రం తీగ కంటే కూడా మెత్తగా.

కడ్డీ 5 మి.మీ. అవుతుంది. స్లైడర్ 7 మి.మీ.లో ఎం5 మర తీస్తే గోడ ఒక మిల్లీమీటరు మిగులుతుంది, అది చాలు. బాడీ కొలతలు అవే, అదే బోరు, అదే గాడి. నాబ్ 4 మి.మీ. ప్రయాణిస్తే స్లైడర్ కదిలేది అర మిల్లీమీటరు పైచిలుకే. ఈ తీగకు అదే నాలుగు స్వరస్థానాలు!

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తేడా ఎంత చిన్నదైతే పిచ్‌లలో ఉండే లోపం అంత పెద్దదిగా కనిపిస్తుంది. 0.8 మర ఒక చుట్టులో కొన్ని మైక్రాన్లు అటూ ఇటూ అయితే 0.1లో దాని వాటా ఎక్కువ. చెడ్డ డైతో తీసిన మర అయితే నాబ్ ఒక్కో చుట్టుకు ఒక్కోలా స్పందిస్తుంది. అందుకని ఈ జతకు అరిగిన డైలు వాడలేదు. డయల్ గేజ్ స్లైడర్ కొసకు ఆనించి నాబ్ ఒక్కో చుట్టు తిప్పి చూశాను. 0.09, 0.10, 0.10, 0.11, 0.10. వీణకు ఇంత కచ్చితత్వం ఎక్కువే.

కట్టాక ట్యూనర్‌లో చుట్టుకు 70 దగ్గర వచ్చింది. అక్క తిప్పి చూసి, ఈ ఒక్క లంగరుకైనా ఆ రింగు పీడ వదిలింది అంది. మిగతా మూడింటి గురించి అలా అనలేదే అంటే, వాటికి రింగులు కొత్తవి వేయించుకున్నా నడిచేదట! నిజమే అయ్యుండొచ్చు. సారణికి రింగు సరిపోతుంది, లెక్క కూడా అదే చెబుతోంది.

ఇప్పుడున్న స్థితి

నాలుగూ వీణ మీదున్నాయి. ఇత్తడి మెరుపు తగ్గకుండా లక్క పూత వేద్దామంటే అక్క ఒప్పుకోలేదు, నాగపాశంతో పాటు చింతపండుతో తనే తోముకుంటుందట. నీళ్లు మరల్లోకి పోకుండా, తోమేముందు గాడికి టేపు వేసుకోమన్నాను. మరలకు గ్రీజు పెట్టలేదు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు.

మిగిలిన పనులు: నాబ్‌ను కడ్డీకి ప్రస్తుతం మర జిగురుతో పట్టించాను, దాని బదులు 1 మి.మీ. అడ్డపిన్ను వేయాలి. పిడి కొస నాగపాశానికి తగిలే చోట సన్నటి తోలు ముక్క. ఒక బాడీ, చుట్టుకు 0.2 జరిపే కడ్డీ ఒకటి అదనంగా తీసి పెట్టుకోవాలి. తాళం తీగలకు కూడా ఇవి చేస్తావా అని అక్క స్నేహితురాలు అడిగింది. ఆ తీగలు పొట్టివి, పైశృతిలో ఉండేవి. వాటి సాగుదల కొలిచాకే జవాబు చెబుతానన్నాను.